అయిదో బీకరు

మా ఆవిడ ఇన్సాఫ్ పోయిన నలభయ్యో రోజున ఆమె మూర్ఛ మాత్రలు ఏడు డబ్బాలు మసీదు క్లినిక్కి ఇచ్చేశాను. సీలు విప్పనివి, గడువు ఇంకా ఏడాదిన్నర ఉన్నవి. మా టాంటా ఊళ్ళో మనిషి పోతే మిగిలిన మందుల్ని ఎవరూ పారెయ్యరు. పోయినవాళ్ళ పేరు చెప్పి క్లినిక్కి ఇస్తారు. వాటిని తీసుకెళ్ళిన బీదవాళ్ళు మాత్ర వేసుకున్నప్పుడల్లా ఆ పేరున ఒక ఫాతిహా చదువుతారు. డబ్బాకి యాభై చొప్పున మూడు వందల యాభై మాత్రలు. అంటే మా ఆవిడ పేరున మూడు వందల యాభై ప్రార్థనలు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆమెకి నేను చేసిన గొప్ప పని ఇదేనని మురిసిపోయి, ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. ఆ తిండి నాకు ఇప్పటికీ అరగలేదు.

నా పేరు షౌకీ. సైన్సు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరుని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉక్కు రేకుల్ని ఉప్పుకాగితంతో రుద్దడం, తూచడం, యాసిడ్‌లో వేలాడదీయడం, తీసి కడిగి మళ్ళీ తూచడం నా పని. రుద్దేది నేను, రీసెర్చి పేపరు మీద పేర్లు ప్రొఫెసర్లవి. అందులో నాకేం ఏడుపు లేదు, పేపర్లు నేను చదవను.

గొట్టాలు చేసే ఫ్యాక్టరీల్లో తుప్పు వదిలించడానికి ఉక్కుని యాసిడ్‌లో ముంచుతారు. యాసిడ్ తుప్పు తిన్నాక ఊరుకోదు, ఉక్కుని కూడా తినడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి ఏదో ఒకటి కలపాలి. కలిపేవి చాలావరకు విషాలు. మా కెమిస్ట్రీ మేడం డాక్టర్ నగ్లాకి వచ్చిన ఆలోచన ఏమిటంటే, గడువు తీరిపోయి ఆస్పత్రులు పారేసే మందుల్ని కలపొచ్చు కదా అని. కొన్ని మందులు ఉక్కుకి అంటుకుని, చలికాలంలో ముసలమ్మ శాలువా కప్పుకున్నట్టు దాన్ని కప్పేస్తాయి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ కాఫీ హోటల్లో నాకు మనశ్శాంతి లేదు. మీ ఇనుముకి జ్వరం తగ్గిందా షౌకీ అని ఒకడు, పరగడుపున వేస్తారా తిన్నాక వేస్తారా అని ఇంకొకడు. మీకంటే ఇనుమే నయం, వేసిన మందు నోరుమూసుకుని తీసుకుంటుంది అనేవాణ్ణి.

నోరు అన్నాను కాబట్టి ఇన్సాఫ్ సంగతి ఇక్కడే చెప్పాలి.

ఆమెకి పంతొమ్మిదో ఏట నుంచీ ఫిట్స్. పెళ్ళికి ముందే నాకు చెప్పారు, దాచలేదు. రోజుకి రెండు మాత్రలు వేసుకుంటే ఏమీ ఉండేది కాదు. ఇరవై ఏళ్ళు ఒక్కసారి కూడా పడలేదు. పేరుకి అర్థం న్యాయం. కూర పంచేటప్పుడు మాత్రం మంచి ముక్క తన పళ్ళెంలోకే వచ్చేది. అడిగితే, పొయ్యి దగ్గర మాడింది నువ్వా నేనా అనేది. పోయినేడు ఊళ్ళో మందులు దొరకడం మానేశాయి. షాపు షాపూ తిరిగితే అందరిదీ ఒకటే మాట, రాలేదు. అప్పుడు ఆదుకున్నవాడు రుష్దీ, ఇన్సాఫ్ అన్నయ్య. అతనికి బస్టాండు వెనకాల మందుల షాపు ఉంది. ఎక్కణ్ణుంచి తెచ్చాడో, ఒక్కసారే పది డబ్బాలు ఇచ్చాడు. చెల్లెలి దగ్గర డబ్బు పుచ్చుకుంటానా అన్నాడు. వద్దంటే వద్దన్నాడు.

ఆ డబ్బాలు మొదలుపెట్టిన రెండో వారంలో ఇన్సాఫ్ మెట్ల మీద పడింది. నెల తిరక్కుండా మూడుసార్లు పడింది. పెద్దాస్పత్రి డాక్టరు మాత్రలు రెండు నుంచి నాలుగు చేశాడు. అయినా తగ్గలేదు. అప్పుడు నా బుర్రకి తోచింది ఒక్కటే. ఈవిడ మాత్రలు ఎగ్గొడుతోంది. మందు మంచిదే, మోతాదు పెంచారు, మరి ఎందుకు పడుతోంది? ల్యాబు మనిషిని కదా, లెక్క తేలిపోయింది అనుకున్నాను. వేసుకున్నావా అంటే వేసుకున్నాను అనేది. ఒట్టు వేసేది. నేను నమ్మలేదు. చివరికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎదురుగా నిలబెట్టి మింగించేవాణ్ణి. మింగాక నోరు తెరిపించి, నాలుక పైకెత్తించి చూసేవాణ్ణి. 'అయింది, పో' అనేదాకా అలాగే నిలబడేది. ఆమెకి అప్పుడు యాభై రెండేళ్ళు.

ఒకసారి మాత్రం చెప్పింది. మాత్ర నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టి, "ఏమయ్యా, ఇది చేదుగా లేదు. గోడ సున్నంలా ఉంది" అంది.

"నువ్వెప్పుడు గోడ నాకావే?" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. తర్వాత పది రోజులకి వంటింట్లో ఫిట్స్ వచ్చి, తల నీళ్ళ బకెట్టులో మునిగేలా పడింది. బకెట్టులో సగమే ఉన్నాయి నీళ్ళు. నేను ల్యాబులో రేకులు రుద్దుతున్నాను.

ఇక ల్యాబు సంగతి. జనవరిలో డాక్టర్ నగ్లా ఇదే మూర్ఛ మందు మీద పని మొదలుపెట్టింది. ఇన్సాఫ్ వేసుకునే మందని ఆమెకి తెలియదు. నేనూ చెప్పలేదు. పాత ఆస్పత్రి గోడౌనులో నుంచి గడువు తీరి రెండేళ్ళయిన మాత్రలు ఒక సంచీడు తెప్పించింది. గడువు తీరినవి పనిచేస్తాయని చూపిస్తే చాలదట. గడువు ఉన్న మందుతో సమానంగా పనిచేస్తాయని కూడా చూపించాలట. ఆ గడువు ఉన్నదేమో ఊళ్ళో దొరకదు. వారం రోజులు ఆమె చిరాకు పడుతుంటే చూడలేక, నా దగ్గర ఒక స్ట్రిప్పు ఉంది అన్నాను. ఇన్సాఫ్ సగం వాడిన స్ట్రిప్పు అది. విప్పినది కాబట్టి క్లినిక్కి ఇవ్వలేదు, నా సొరుగులోనే ఉండిపోయింది. దానిమీద ఆమె గోరుగుర్తులు ఉన్నాయి. అయినా ఇచ్చాను. ఆ సొరుగు తీసినప్పుడల్లా నాకు ఊపిరాడేది కాదు.

ఆరు బీకర్లు పెట్టాం. ఒకదాంట్లో ఒట్టి యాసిడ్, నాలుగింట్లో గడువు తీరిన మందు కొంచెం కొంచెం పెంచుతూ, అయిదో నంబరు దాంట్లో ఇన్సాఫ్ మందు. మాత్రల్ని నూరి, ముందు కాస్త స్పిరిట్‌లో కలిపి, తర్వాత యాసిడ్‌లో పొయ్యాలి. మొదటి మూడు బీకర్ల మీదా డాక్టరమ్మ తన చేత్తోనే నంబర్లు వేసింది. ఇంతలో ఫోనొస్తే బయటికెళ్ళింది. మిగతా మూడింటికీ నేను వేశాను.

ఇక్కడే ఉంది చిక్కు. ఆమె పోలండ్‌లో చదివొచ్చింది, ఇంగ్లీషు అంకెలు వేస్తుంది. నేను మా అరబీ అంకెలు వేస్తాను. మా అంకెల్లో సున్నా అంటే ఒక చుక్క. గుండ్రంగా సున్నా చుడితే అది అయిదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక అమ్మాయి థీసిస్‌లో నేను డాక్టరమ్మ సున్నాని నా అయిదనుకుని మూడు నెలల పని మట్టిలో కలిపాను. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. అప్పటి నుంచీ ఒట్టి యాసిడ్ బీకరు మీద అంకె వెయ్యకూడదు, 'ఖాళీ' అని అక్షరాల్లో రాయాలి అని మా ఇద్దరి మధ్యా ఒప్పందం. ఆ రోజు తొందరలో ఆమె సున్నా వేసేసింది. అటు చివర నేను అయిదు వేశాను. మొత్తానికి రెండు బీకర్ల మీదా గుండ్రమే ఉంది.

మర్నాడు రేకులు తీశాను. ఒకటి నుంచి నాలుగు దాకా వరసగా మెరుగవుతూ వచ్చాయి. నాలుగోది అయితే నేను రుద్ది పెట్టిన మెరుపు అలాగే ఉంది. ఖాళీ బీకరు రేకు నల్లగా, బూడిద పట్టి, పట్టుకుంటే వేళ్ళకి అంటుతోంది. అది మామూలే. అయిదో రేకు కూడా అలాగే ఉంది. కడిగి తూచాను. యాసిడ్ తిన్నది రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే.

డాక్టర్ నగ్లా మంచిదే కానీ నాలుక పదును. బీకర్లు రెండూ ఎత్తి వెలుతురులో పట్టుకుని, ఆ గుండ్రాలు చూపించి, "బాబాయ్, మళ్ళీ మొదలెట్టావా? రెండూ ఖాళీవే అనుకుని రెండిట్లోనూ మందు వెయ్యలేదు నువ్వు" అంది.

"మొదటిదానికి గుండ్రం చుట్టింది నేను కాదు, డాక్టరమ్మా."

"అదీ నిజమే. తప్పు ఇద్దరిదీ. పద, మళ్ళీ పెడదాం."

మామూలుగా అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాను. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఒప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. నిజంగానే మందు వెయ్యలేదేమో. భార్య పోయిన మనిషి, మతి ఎక్కడుందో. తప్పు నాదే కావాలని నా బతుకులో అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు. ఎందుకంటే నాకు ఒకటి గుర్తుంది, ఆమెకి చెప్పలేదు. అయిదో బీకర్లో పొడి పోసినప్పుడు అది బుస్సున పొంగింది, నిమ్మకాయ సోడాలాగా. మిగతా వాటిలో పొంగలేదు. ఏదో ధూళి పడి ఉంటుందని అప్పుడు సరిపెట్టుకున్నాను.

రెండోసారి డాక్టరమ్మ పక్కనే నిలబడింది. అంకెలు వద్దు, మాటలు రాయి అంది. ఒకదాని మీద 'ఖాళీ' అని రాశాను. ఇంకోదాని మీద ఏం రాయాలో తెలియక 'ఇన్సాఫ్' అని రాశాను. ఆమె చూసింది. గడువు తీరిన మందు ముందు పోశాను. పొడి తెల్లగా తేలి, మెల్లగా అడుగుకి దిగింది. తర్వాత స్ట్రిప్పులోవి నూరి పోశాను. బుస్సుమంది. నురగ బీకరు గోడ మీదికి ఎక్కి దిగింది.

రేకు నా చేతిలోనే ఉంది, ఇంకా వేలాడదీయలేదు.

"మందు పొంగదు బాబాయ్" అంది ఆమె నెమ్మదిగా. "ఇది సుద్ద. ఎక్కడివి ఇవి?"

"మా ఆవిడవి."

ఆమె స్టూలు లాగి నన్ను కూర్చోమంది. నేను కూర్చోలేదు. నాకు గోడ సున్నం గుర్తొచ్చింది. ఇన్సాఫ్ చెప్పింది. నోట్లో పెట్టుకుని, రుచి చూసి, ఇది మందు కాదని నాతో చెప్పింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ ల్యాబు మనిషికి యాసిడ్ పొంగితే గానీ తెలియనిది, ఆమె నాలుకకి తెలిసింది. నేను ఆ నాలుకని పైకెత్తించి, అబద్ధం ఎక్కడ దాచిందా అని వెతికాను.

ఏడుపు రాబోయింది. వచ్చేలోగా ఏడు డబ్బాలు గుర్తొచ్చాయి. అవి ఇప్పుడు ఎవరి నోట్లో పడుతున్నాయో. డాక్టరమ్మ కంప్లైంటు ఇద్దాం, స్ట్రిప్పు జాగ్రత్త పెడదాం అంటూ ఉంది. అన్నీ తర్వాత అని, మొదటిసారి నల్లబడిన ఆ అయిదో రేకుని కాగితంలో చుట్టి జేబులో వేసుకుని బయటపడ్డాను.

వాన. మా ఊళ్ళో జనవరి వానకి వీధులు బురదగుంటలు అవుతాయి. ఆటోవాడు రానంటే రెట్టింపు ఇస్తానని చెప్పి ఎక్కాను.

మసీదు క్లినిక్కులో మందుల అలమరా హాజీ బయ్యూమీది. ఆయన ఏదీ రాసుకోడు, ఎవరికి ఏం ఇచ్చాడో మొత్తం బుర్రలోనే ఉంటుంది. నన్ను చూడగానే మొహం విప్పారింది. నీ ఇన్సాఫ్ డబ్బాలు పదిమందికీ చిల్లరగా పంచలేదయ్యా, మొత్తం ఒకే పిల్లకి కేటాయించాను అన్నాడు. బదూర్ అని పదకొండేళ్ళ పిల్ల, తండ్రి లేడు, తల్లి హనియ్యా రొట్టెలు అమ్ముతుంది. నాలుగు డబ్బాలు ఇచ్చేశాడు, మూడు ఇంకా అలమరాలో ఉన్నాయి. ఆ మూడూ నాకిచ్చెయ్యి, ఆ పిల్ల దగ్గరివి కూడా తెచ్చేస్తాను అన్నాను. ఆయన మొహం ముడుచుకుంది. చనిపోయిన మనిషి పేరున ఇచ్చి వెనక్కి అడిగేవాణ్ణి మా దగ్గర కుక్క కంటే హీనంగా చూస్తారు. కారణం చెప్పాను. జేబులోంచి రేకు తీసి చూపించాను. రేకుతో ఆయనకేం అర్థమవుతుంది, నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. అలమరా తాళం తీసి మూడు డబ్బాలూ ఇచ్చేశాడు.

మంగళవారం కాబట్టి క్లినిక్కు డాక్టరు లోపలే ఉన్నాడు. కుర్రవాడు. విని తల పట్టుకున్నాడు. పిల్లకి ఫిట్స్ తగ్గడం లేదని పోయిన వారమే మోతాదు మూడు మాత్రలు చేశాడట. తల్లేమో పిల్ల ఎగ్గొడుతోందని చెప్పిందట. ఇప్పుడు అసలు మందు దొరికినా మూడు వెయ్యకూడదు, పొద్దున సగం, సాయంత్రం సగంతో మొదలుపెట్టాలి, రేపు పొద్దున్నే పిల్లని తీసుకురమ్మనండి అని చీటీ రాసిచ్చాడు. అసలు మందు ఎక్కడ దొరుకుతుందంటే మాత్రం నా వైపే చూశాడు.

నాకు తెలిసిన షాపు ఒక్కటే.

రుష్దీ ఒక్కడే ఉన్నాడు, కౌంటరు వెనక టీ తాగుతూ. రా బావా, తడిసిపోయావు అని రెండో గ్లాసు తీయబోయాడు. నేను రేకుని కౌంటరు అద్దం మీద పెట్టాను. దాని పక్కన మూడు డబ్బాలు పెట్టాను.

"ఇది నువ్విచ్చిన మందులో నానింది" అన్నాను. "మందు కాదు, సుద్ద. మా డాక్టరమ్మ కూడా చూసింది."

అతను డబ్బా తీసి, అటూ ఇటూ తిప్పి, గడువు ముద్ర మీద బొటనవేలితో రుద్దాడు. సిరా చెదిరింది. అలా రుద్దడం ముందే ఎందుకు చెయ్యలేదో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. సంచీవాడి దగ్గర కొన్నానన్నాడు. సంచీవాళ్ళంటే బిల్లూ చిట్టీ లేకుండా మందులు సంచీలో వేసుకుని షాపుల చుట్టూ తిరిగేవాళ్ళు. నాకేం తెలుసు బావా, ఊళ్ళో ఎక్కడా లేవు కదా అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా అయిపోయింది.

ఇప్పుడు ఒక పిల్లకి అసలుది కావాలి, ఎక్కడుందో చెప్పు అన్నాను. అతని కళ్ళు కింది సొరుగు మీదికి వెళ్ళి, వెంటనే తిరిగి వచ్చాయి. నేను కౌంటరు చుట్టూ తిరిగి వెళ్ళి ఆ సొరుగు లాగాను. మూడు డబ్బాలు. ముద్ర నల్లగా, చెక్కు చెదరకుండా ఉంది.

"ఇవేమిటి?"

"కంపెనీవి. నెలకి మూడో నాలుగో వస్తాయి. పాత గిరాకీలకి ఉంచుతాను."

"పోయినేడు కూడా వచ్చేవా?"

అతను టీ గ్లాసుని కౌంటరు మీద పక్కకి జరిపాడు.

"అది నా చెల్లెలు షౌకీ. దాని దగ్గర డబ్బు తీసుకోలేదు కదా నేను. ఊరికే ఇచ్చేదానికి..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు కూడా.

అతన్ని కొడదామనే వెళ్ళాను. కొట్టలేదు. మంచితనం వల్ల కాదు. ఊరికే వచ్చిన డబ్బాల్ని ఎక్కడివి అని ఒక్క మాట అడక్కుండా సంచీలో వేసుకుని వచ్చినవాణ్ణి నేను. ఇంటికొచ్చి, చూశావా మీ అన్నయ్య ఎంత మంచివాడో అని ఇన్సాఫ్‌తో అన్నవాణ్ణి కూడా నేనే. అతని మీద అసహ్యం వేసింది, అందులో నాకూ వాటా ఉందని కూడా తెలుస్తూనే ఉంది. సొరుగులోని కంపెనీ డబ్బాలు మూడూ తీసుకున్నాను. అతను అడ్డం రాలేదు. వాన అని ఒక ప్లాస్టిక్ సంచీ తీసి, వాటిని అందులో పెట్టి, రెండు చేతులతో ఇచ్చాడు.

హనియ్యా ఉండేది మూడంతస్తుల మీద డాబా గదిలో. మెట్ల మీదికి రొట్టెల వాసన వస్తోంది. తలుపు తీసి నేనెవరో చెప్పగానే, ఇన్సాఫమ్మ ఇంటాయనా అని కొంగు సర్దుకుని, లోపలికి పిలిచి, ఉన్న ఒక్క కుర్చీ వేసింది. పిల్ల మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కుడి చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది. పోయిన గురువారం పొయ్యి దగ్గర పడిందట. చెంప మీద నాలుగు వేళ్ళు కూడా తేలి ఉన్నాయి. అవి పొయ్యి వల్ల వచ్చినవి కావు.

"రోజూ చదువుతున్నాం అన్నయ్యా" అంది హనియ్యా. "మాత్ర మాత్రకీ ఇన్సాఫమ్మ పేరున చదువుతున్నాం. ఇది ఎగ్గొట్టినా నేను ఎగ్గొట్టను."

మీ దగ్గరున్న డబ్బాలు ఇచ్చెయ్యాలమ్మా అన్నాను. ఆమె మొహంలో రంగు పోయింది.

"మీదాకా వచ్చిందా? ఇది వేసుకోకుండా పారేస్తోందని ఎవరన్నా చెప్పారా?" అంది. ఆ వెంటనే పిల్ల వైపు తిరిగింది. "విన్నావా? చూడు, నీ మూలంగా ధర్మం చేసినాయన వచ్చి వెనక్కి అడుగుతున్నాడు. ఎక్కడ దాస్తున్నావో చెప్పవే. పరుపు కిందా? కిటికీలోంచి వేస్తున్నావా?"

"వేసుకున్నానమ్మా" అంది పిల్ల. గట్టిగా కాదు, వాదించడానికి కాదు. ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటుందో, అరిగిపోయింది.

ఆ గొంతు నాకు తెలుసు. పదకొండేళ్ళ పిల్ల గొంతు కాదు అది.

"పిల్ల అబద్ధం చెప్పడం లేదు" అన్నాను చివరికి. "అన్నీ వేసుకుంది. అవి మందులు కావమ్మా, సుద్ద. నేనిచ్చింది సుద్ద. నాకు తెలియలేదు."

హనియ్యాకి వెంటనే ఎక్కలేదు. రెండోసారి చెప్పాను, క్లినిక్కు డాక్టరు మాట కూడా చెప్పాను. అప్పుడు తన కుడి చేతిని ఎత్తి చూసుకుంది, దాన్ని కొంగులో చుట్టేసుకుంది. చాలాసేపు ఆ చెయ్యి బయటికి తీయలేదు. తిట్టు తల్లీ అన్నాను. తిట్టలేదు. మూడున్నర డబ్బాల సుద్ద పిల్ల కడుపులో పోశాను, తిడితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఏమనుకుందో, మరి మేం చదివినవన్నీ ఆమెకి చేరాయా అన్నయ్యా అని మాత్రం అడిగింది. చేరే ఉంటాయి అన్నాను. నాకేం తెలుసు.

అలమరాలోంచి నాలుగో డబ్బాలో మిగిలినవి తెచ్చిచ్చింది. నేను కొత్త డబ్బా విప్పాను. మాత్రని మధ్యలో విరిచి సగం పిల్ల చేతిలో పెట్టాను. చీటీ ప్రకారం ఇంతే వెయ్యాలి, ఎక్కువ వద్దు, రేపు పొద్దున్నే డాక్టరుకి చూపించాలి అని తల్లికి రెండుసార్లు చెప్పాను. పిల్ల సగం మాత్ర నోట్లో వేసుకుంది. వేసుకోగానే మొహం చిట్లించింది.

"చేదు" అంది.

నీళ్ళు తాగి మింగింది. మింగాక మంచం దిగి వచ్చి నా ఎదురుగా నిలబడి, ఎవరూ చెప్పకుండానే నోరు తెరిచి, నాలుక పైకెత్తింది.

"వద్దు తల్లీ, మూసుకో. మింగావని నాకు తెలుసు" అన్నాను.

మూసుకోలేదు. నాలుక అలాగే పైకెత్తి తల్లి వైపు చూసింది. హనియ్యా గోడ వైపు తిరిగి నిలబడి ఉంది, భుజాలు కదులుతున్నాయి. పిల్ల మళ్ళీ నా వైపు చూసింది. పిల్ల ఎదురుచూస్తున్న మాట ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ మాట పలకడానికి నోరు రాలేదు. పిల్ల దవడ నొప్పి పుట్టి వణకడం మొదలైంది.

"అయిందమ్మా" అన్నాను.

అప్పుడు మూసుకుంది.